కీలక డిఫెండర్లు లేని ప్లేఆఫ్ మ్యాచ్‌ను ఎలా అంచనా వేయాలి?

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ప్లేఆఫ్స్ మొదలయ్యాయంటే గాయాల గురించి జట్లు నోరు విప్పవు. ‘శరీరం పైభాగంలో గాయం’, ‘కింది భాగంలో గాయం’ అని చెప్పి ఊరుకుంటాయి. అది భుజమో చీలమండో సీజన్ ముగిశాక గానీ బయటికి రాదు. కాబట్టి వైద్యుల పని మనం నెత్తిన వేసుకోనక్కర్లేదు. ఫలానా డిఫెండర్ ఆడడంలేదని తేలాక రింక్ (మంచు మైదానం) మీద ఎవరికి ఎవరు ఎదురుపడతారో చూసుకుంటే చాలు.

1. ఖాళీ అయిన నిమిషాలు లెక్కపెట్టండి

జట్టు మామూలుగా ఆరుగురు డిఫెండర్లను మూడు జోడీలుగా ఆడిస్తుంది. 20 నిమిషాల పీరియడ్లు మూడుగా సాగే 60 నిమిషాల మ్యాచ్‌లో మొదటి జోడీ ఆటగాడు సుమారు 25 నిమిషాలు, మూడో జోడీ ఆటగాడు సుమారు 15 నిమిషాలు ఆడతారు. టీ20లో ప్రధాన బౌలర్ లేనప్పుడు అతని నాలుగు ఓవర్లు ఎవరు వేస్తారని అడుగుతాం కదా, ఇక్కడా అదే ప్రశ్న: ఆ 25 నిమిషాలు ఎవరి మీద పడతాయి? ప్రతి ఆటగాడు ఎంతసేపు ఆడాడో ఎన్‌హెచ్‌ఎల్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. అందులో పవర్‌ప్లే (ఎదుటి జట్టులో ఒకరు శిక్ష పడి బయట ఉన్నప్పటి ఆట) ఎంత, తన జట్టు ఒకరు తక్కువై ఆడినప్పటిది ఎంత అన్నది విడిగా రాసుకోండి.

2. జోడీలను మళ్లీ గీయండి

బెంచి మీద నుంచి వచ్చిన కొత్త కుర్రాడి మీదే అందరి కళ్లూ ఉంటాయి. నిజానికి అతన్ని కోచ్ జాగ్రత్తగా దాచుకుంటాడు, కొద్ది నిమిషాలే ఆడిస్తాడు. చూడవలసింది రెండో జోడీ నుంచి మొదటి జోడీకి వెళ్లినవాణ్ని. నిన్నటిదాకా ప్రత్యర్థి రెండో లైన్‌ను (లైన్ అంటే కలిసి ఆడే ముగ్గురు ఫార్వర్డ్‌లు) ఆపినవాడు ఇవాళ వాళ్ల మేటి ఫార్వర్డ్‌లను ఆపాలి. ఎడమచేతి వాటం ఆటగాణ్ని కుడివైపు నిలబెట్టారేమో కూడా గమనించండి. గోడ వెంట వచ్చే పక్‌ను (ఆటలో బంతి బదులు వాడే రబ్బరు బిళ్లను) స్టిక్ వెనుక వైపుతో అందుకోవలసి వస్తుంది కనుక సొంత జోన్ నుంచి దాన్ని బయటికి పంపడం ఒక క్షణం ఆలస్యమవుతుంది. ఎదురు ఫార్వర్డ్ మీద పడడానికి ఆ క్షణం చాలు.

3. రింక్ ఎవరిదో చూడండి

నా దృష్టిలో అన్నింటికన్నా బరువైన విషయం ఇదే. ఆట ఆగినప్పుడు ఆటగాళ్లను ముందుగా అతిథి జట్టు మార్చాలి. వాళ్లెవరో చూశాకే ఆతిథ్య జట్టు మార్చుకుంటుంది. డిఫెండర్‌ను పోగొట్టుకున్న జట్టు సొంత రింక్‌లో ఆడుతుంటే తన బలహీన జోడీని ప్రత్యర్థి నాలుగో లైన్ ముందు పెట్టి గట్టెక్కవచ్చు. అదే జట్టు బయటి ఊళ్లో ఆడితే ఎదుటి కోచ్ ఆ జోడీ రింక్ మీదికి రావడం చూసి తన మొదటి లైన్‌ను వదులుతాడు. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో వేదికలు 2-2-1-1-1గా (మొదటి రెండు మ్యాచ్‌లు ఒక జట్టు ఊళ్లో, తర్వాతి రెండు రెండో జట్టు ఊళ్లో, ఆపైన ఒక్కొక్కటిగా) మారుతాయి కాబట్టి అవే ఆరు పేర్లకు మూడో మ్యాచ్‌లో వేరే లెక్క వేయాలి.

బయటి జట్టుకూ కొన్ని దారులున్నాయి. ఆట ఆగకుండానే ఆటగాళ్లను మార్చడం ఒకటి. ఐసింగ్ (రింక్ మధ్య గీతకు తమ వైపు నుంచే పక్‌ను ఎదుటి గోల్ గీత దాటేలా కొట్టేయడం) చేయకపోవడం అంతకన్నా ముఖ్యం, ఎందుకంటే ఐసింగ్ చేసిన జట్టు అలసిన ఆటగాళ్లతోనే కొనసాగాలి.

4. రెండో పీరియడ్‌ను కళ్లార్పకుండా చూడండి

ఆ పీరియడ్‌లో జట్లు వైపులు మారతాయి, డిఫెండర్లకు తమ బెంచి దూరమవుతుంది. సొంత జోన్‌లో చిక్కుకున్న జోడీ ఊపిరి సలపకపోయినా బయటికి రాలేదు. బలహీన జోడీ అసలు రంగు ఇక్కడే బయటపడుతుంది.

5. మ్యాచ్ మధ్యలో ఒకరు పడిపోతే

అప్పుడు మిగిలేది ఐదుగురే, జోడీలు కలగాపులగమవుతాయి. ఎన్‌హెచ్‌ఎల్ విజేతను తేల్చే స్టాన్లీ కప్ ఫైనల్ సిరీస్‌లో, 2019లో, రెండో మ్యాచ్‌లో బోస్టన్ బ్రూయిన్స్‌కు ఇదే జరిగింది. డిఫెండర్ మ్యాట్ గ్రిజెల్‌సిక్ మొదటి పీరియడ్‌లోనే దెబ్బతిని వెళ్లిపోయాడు, ఓవర్‌టైమ్‌లో సెయింట్ లూయిస్ బ్లూస్ 3-2తో గెలిచింది. ప్లేఆఫ్ ఓవర్‌టైమ్ గోల్ పడేదాకా 20 నిమిషాల పీరియడ్లుగా సాగుతుందని గుర్తుంచుకోండి. మ్యాచ్ ఎంత పొడుగైతే ఐదుగురికి అంత కష్టం.

అదే ఫైనల్ నాలుగో మ్యాచ్‌లో బోస్టన్ కెప్టెన్, డిఫెండర్ జెడెనో చారా దవడ విరిగింది. అయినా అతను ఐదో మ్యాచ్ ఆడాడు. కోచ్ మాత్రం ఒక ఫార్వర్డ్‌ను తగ్గించి ఏడుగురు డిఫెండర్లను దించాడు. ఇలాంటి జాబితా కనబడితే ఎవరో పూర్తి మ్యాచ్ ఆడలేకపోవచ్చని కోచ్ అనుమానిస్తున్నట్టే. మరి దీనికీ వెల ఉంది: ఫార్వర్డ్‌లు 11 మందే కావడంతో లైన్లు పదేపదే కలిపి ఆడించాలి.

6. ఫలితాన్ని డిఫెండర్ల ఖాతాలో వేసేముందు ఆగండి

ఆ ఐదో మ్యాచ్ బోస్టన్ 2-1తో ఓడింది. కానీ గోల్‌ వైపు 39 షాట్లు కొట్టింది, వాటిలో 38 బ్లూస్ గోల్‌కీపర్ జోర్డన్ బినింగ్టన్ ఆపాడు. దాన్ని రక్షణ వైఫల్యం అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. గ్రిజెల్‌సిక్ లేకుండానే ఆరో మ్యాచ్‌ను బయటి ఊళ్లో 5-1తో గెలిచారు. అతను తిరిగొచ్చిన ఏడో మ్యాచ్‌ను సొంత రింక్‌లో 4-1తో పోగొట్టుకున్నారు. ఆ ఒక్క గోల్ కొట్టింది గ్రిజెల్‌సికే!

2017లో పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ తమ మేటి డిఫెండర్ క్రిస్ లెటాంగ్ ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా ఆడకుండానే కప్పు గెలిచింది. అతని నిమిషాలను ఒక్కరికే కట్టబెట్టకుండా పలువురికి పంచారు. వారిలో రాన్ హేన్సీకి 900కు పైగా లీగ్ మ్యాచ్‌ల తర్వాత అదే తొలి ప్లేఆఫ్. లోటు మాత్రం కనబడింది: ఫైనల్ మొదటి మ్యాచ్‌లో వరుసగా 37 నిమిషాలు ఒక్క షాట్ కూడా గోల్ మీదికి కొట్టలేకపోయారు. అయినా 5-3తో గెలిచారు.

మ్యాచ్ అయ్యాక మొదట రాసుకున్న నిమిషాల పక్కన కొత్త నిమిషాలు వేయండి. ఒక్కడి మీదే 28, 29 నిమిషాలు పడి ఉంటే, రెండు రోజుల్లో జరిగే తర్వాతి మ్యాచ్‌లో మూడో పీరియడ్ వేళకు అతని కాళ్ల వైపే చూడండి.