గ్రెనడా తీరంలో అద్దెకుండేవారు జూన్ 1కి ముందే చూసుకోవలసినవి

అట్లాంటిక్ హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు ఉంటుంది. కరీబియన్ ద్వీపదేశమైన గ్రెనడాలో, గ్రాండ్ ఆన్స్ వంటి ప్రశాంతమైన తీరవాడల్లో కొత్తగా కాపురం పెట్టినవారు ముఖ్యంగా ఇవి సరిచూసుకోవాలి.

• ఉప్పెన హెచ్చరిక వస్తే ఏ మెరక ప్రాంతానికి, ఎవరి వాహనంలో వెళ్లాలో ఇప్పుడే నిర్ణయించుకోండి. 2024లో బెరిల్ వాయుగుండంగా మొదలై రెండు రోజులు తిరగకముందే పెను హరికేన్‌గా మారి, జూలై 1న గ్రెనడాకే చెందిన కారియకూ ద్వీపాన్ని తాకింది. అంత తక్కువ వ్యవధిలో పిల్లలతో, వృద్ధులతో అప్పటికప్పుడు బయలుదేరడం చాలా కష్టం.

• మీ సామానుకు వేరుగా బీమా తీసుకోండి. ఇంటి యజమాని పాలసీ సాధారణంగా కట్టడానికే వర్తిస్తుంది. తుఫాను దగ్గరపడ్డాక కొత్త పాలసీలు దొరకవు.

• పైకప్పును గోడలకు ఇనుప పట్టీలతో బిగించారో లేదో యజమానిని అడిగి, వీలైతే స్వయంగా చూడండి. 2004 సెప్టెంబర్‌లో ఐవన్ హరికేన్ ఈ దేశంలోని ఇళ్లలో దాదాపు 90 శాతాన్ని దెబ్బతీసింది. అద్దె ఒప్పందానికి ముందే అడగవలసిన ప్రశ్న ఇదని నా దృఢమైన అభిప్రాయం.

• తూర్పు కరీబియన్ డాలర్లలో కొంత నగదు ఉంచుకోండి, ఎందుకంటే కరెంటు పోతే కార్డులు, ఏటీఎంలు పనిచేయవు.

• డ్రమ్ముల్లో నీళ్లు నింపుకోండి. ట్యాంకు నిండుగా ఉన్నా, మోటారు నడవకపోతే కుళాయికి నీరు రాకపోవచ్చు.

• గాలి హఠాత్తుగా ఆగితే బయటికి రావద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. అది తుఫాను కన్ను, అంటే దాని నడిమధ్య ఉండే ప్రశాంత భాగం, కావచ్చు. 2014లో హుద్‌హుద్‌ నాడు విశాఖవాసులు చూసినట్టే, గాలి ఎదురుదిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది.