డ్యాన్స్ స్టూడియోలో మొదటి ఏడాది: అమెరికాకు కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు

అమెరికాకు వచ్చి ఇల్లూ బడీ కుదిరాక, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనైనా టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనైనా చాలా తెలుగు ఇళ్లలో తలెత్తే తరువాతి ప్రశ్న, పిల్లలకు సాయంత్రాలు ఏం నేర్పించాలన్నదే. కూచిపూడి గురువు పక్క వీధిలోనే ఉన్నా, బడిలో స్నేహితురాళ్లు వెళుతున్నారు కనుక తానూ బ్యాలేకో, బూట్లతో తాళం వేసే ట్యాప్ డ్యాన్సుకో వెళతానని పిల్ల పట్టుబట్టడం మామూలే. కూచిపూడి తరగతిలో ఎలా మసలుకోవాలో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. చెప్పులు గుమ్మం దగ్గర విడవడం, ఆటకు ముందూ వెనుకా భూమికీ గురువుకూ నమస్కరించడం చూస్తూ పెరిగాం. బ్యాలే స్టూడియోలో కట్టుబాట్లు అంతకు తక్కువేమీ కావు. కాకపోతే అవి కాగితం మీద ఉంటాయి, ఆ కాగితం మీద మనం చదవకుండానే సంతకం పెడతాం.

ముందుగా డబ్బు సంగతి. స్టూడియో ఏడాది సాధారణంగా సెప్టెంబరులో మొదలై మే లేదా జూన్‌లో రెసిటల్‌తో, అంటే పిల్లలందరి వేదిక ప్రదర్శనతో, ముగుస్తుంది. ఏడాది మొత్తానికి లెక్కగట్టిన ఫీజునే నెలవారీ వాయిదాలుగా తీసుకుంటారు కనుక, నెలలో ఐదు తరగతులు జరిగినా, థాంక్స్‌గివింగ్ సెలవు వచ్చి మూడే జరిగినా కట్టవలసింది మారదు. డిసెంబరంతా ఇండియాలో గడిపి వచ్చి ఆ నెల ఫీజు తగ్గించమని బేరమాడటం ఇక్కడ ఇబ్బందిగా తోస్తుంది. మానిపించదలచుకుంటే టీచరుతో నోటిమాటగా చెప్పడం చాలదు. చాలాచోట్ల 30 రోజుల ముందు ఆఫీసుకు రాసి తెలపాలి, లేకుంటే మన కార్డు నుంచి డబ్బు పోతూనే ఉంటుంది. రెసిటల్ దుస్తుల సొమ్మును చలికాలంలోనే కట్టించుకుంటారు, అది తిరిగి రాదు.

తరగతి ఐదింటికి అంటే పిల్ల జుట్టు ముడి వేసుకుని, బాత్రూమ్‌కు వెళ్లివచ్చి, బ్యాలే బూట్లు తొడుక్కుని తలుపు దగ్గర సిద్ధంగా ఉండవలసిన వేళ అది. పది పదిహేను నిమిషాలు ఆలస్యమైతే ఆ రోజుకు పక్కన కూర్చుని చూడమనడం చాలా స్టూడియోలలో పద్ధతి. దీనిని శిక్షగా భావించి టీచరుతో వాదించిన తల్లిదండ్రులను చూశాను, కానీ కారణం వేరు: తరగతి మొదట్లో కమ్మీ పట్టుకుని చేసే ప్లియే, తాందూ వంటి అభ్యాసాలతోనే కండరాలు వేడెక్కుతాయి, అవి లేకుండా గెంతితే మడమలకూ మోకాళ్లకూ దెబ్బ. ఆదివారం తరగతి ఉన్నవారు మార్చి రెండో ఆదివారాన్ని గుర్తుంచుకోవాలి; ఆ తెల్లవారుజామున గడియారం ఒక గంట ముందుకు జరుగుతుందని తెలియక, తరగతి ముగిసే వేళకు తీరిగ్గా వచ్చిన కొత్తవారు మా స్టూడియోలో ఏటా ఒక కుటుంబమైనా ఉంటారు.

దుస్తుల విషయంలో స్టూడియో చెప్పిన రంగు అంటే ఆ రంగే. లియోటార్డ్ (ఒంటికి అతుక్కునే పైదుస్తు), టైట్స్ (కాళ్లకు అతుక్కునే మేజోళ్లు), బన్ (జుట్టు ముడి) అన్నవి టీచరు పిల్ల వెన్నెముక, మోకాళ్లు, మెడ ఎలా నిలుస్తున్నాయో చూడటానికి ఏర్పడినవి. లియోటార్డ్ కింద లోదుస్తులు వేయకపోవడం ఇక్కడి ఆచారం. అది ఇబ్బందిగా అనిపిస్తే బయటికి కనిపించని, చర్మం రంగులో ఉండే లోదుస్తులు దుకాణాల్లో దొరుకుతాయి. గాజులు, పట్టీలు, వేలాడే కమ్మలు తీసి పంపాలి. ముంజేతి దారమో మొలతాడో తీయడం ఇంట్లో పెద్దలకు పట్టింపైతే ముందుగా టీచరుకు చెబితే సరిపోతుంది; కారణం తెలిస్తే చాలామంది ఒప్పుకుంటారు. టైట్స్ గులాబీ రంగులోనే ఉండాలన్న పాత నియమం కూడా సడలుతోంది. లండన్‌కు చెందిన ఫ్రీడ్ కంపెనీ 2018లో గోధుమ, కంచు రంగుల పాయింట్ బూట్లను (కాలివేళ్ల మొనల మీద నిలబడి ఆడటానికి వేసుకునేవి) తెచ్చింది, ఇప్పుడు పిల్లల ఒంటి రంగుకు కలిసే టైట్స్‌ను అనేక స్టూడియోలు అనుమతిస్తున్నాయి. కొనేముందు అడగండి.

మనవాళ్లకు మాత్రమే అవసరమైన జాగ్రత్త ఒకటి ఉంది. తరగతి ఉన్న రోజున కాళ్లకు నూనె రాయకండి. వినైల్ పరిచిన ఆ నేల మీద నూనె అంటితే జారిపడేది మన పిల్ల ఒక్కతే కాదు. ఆ నేల పాడవకుండా ఉండటానికే బ్యాలే బూట్లతో వీధిలోకి రాకూడదు, ట్యాప్ బూట్లతో కాంక్రీటు మీద నడవకూడదు. సంచిలో పల్లీ చిక్కీ, నువ్వుండలు పెట్టే అలవాటును కూడా మానుకోవలసి ఉంటుంది. పల్లీల ఎలర్జీ ఇక్కడ ప్రాణాల మీదికి తెచ్చే విషయం, నువ్వులను కూడా 2023 నుంచి ఈ దేశపు చట్టం ప్రధాన ఎలర్జీ పదార్థాల జాబితాలో చేర్చింది.

తల్లిదండ్రుల చోటు లాబీ. తలుపు సందులోంచి తొంగిచూడటం, కిటికీ అద్దం వెనుక నుంచి చేతులు ఊపి పిల్లకు అడుగులు అందించడం, చంటివాడిని లాబీలో పరుగులు తీయనివ్వడం, స్పీకరులో ఇండియాకు ఫోను మాట్లాడటం అందరినీ ఇబ్బంది పెడతాయి. ఫొటోలు, వీడియోలు తీయకూడదు. తీస్తే మిగతా పిల్లలు కూడా అందులో పడతారు, వారి తల్లిదండ్రులకు అది సమ్మతం కాకపోవచ్చు. తల్లిదండ్రులు లోపల కూర్చుని చూడటానికి చాలా స్టూడియోలు ఏడాదిలో ఒకటి రెండు వారాలు కేటాయిస్తాయి, అప్పటిదాకా ఆగడం మంచిది. భర్త ఉద్యోగ వీసాకు అనుబంధంగా ఇచ్చే హెచ్-4 మీద వచ్చి ఇంకా డ్రైవింగ్ లైసెన్సు రాని తల్లులు సాధారణంగా పొరుగువారి కారు మీద ఆధారపడతారు. పిల్లను ఎవరు తీసుకువెళ్లవచ్చో వారి పేర్లను ముందే ఆఫీసులో రాసి ఇవ్వకపోతే, ఎంత తెలిసిన ఆంటీ వచ్చినా పిల్లను అప్పగించరు.

టీచర్లను పిల్లలు మొదటి పేరుకు ముందు ‘మిస్’ చేర్చి పిలుస్తారు, తల్లిదండ్రులు కూడా అలాగే పిలవవచ్చు. పిల్ల వంగి టీచరు పాదాలకు నమస్కరించబోతే పాపం ఆవిడ కంగారు పడతారు. బ్యాలేలోనూ నమస్కారం ఉంది, దాన్ని రెవరాన్స్ అంటారు: తరగతి చివర పిల్లలంతా టీచరుకూ, పియానో వాయించేవారు ఉంటే వారికీ వంగి వందనం చేసి చప్పట్లు కొడతారు. ఆ వందనం ముగియకముందే పిల్లను బయటికి పిలవకండి. తప్పు సరిదిద్దినప్పుడు పిల్ల థాంక్యూ అనడం కూడా ఇక్కడి మర్యాదే.

పై స్థాయికి ఎప్పుడు పంపుతారని లాబీలో పదిమంది మధ్య అడగకుండా మెయిల్ రాసి సమయం కోరండి. స్థాయి వయసును బట్టి మాత్రమే మారదు. పాయింట్ బూట్లకు సాధారణంగా పదకొండు పన్నెండేళ్ల దాకా ఆగమంటారు, ఎముకలూ చీలమండలూ ఆ బరువుకు సిద్ధం కావాలి కనుక. పక్కింటి అమ్మాయి ముందే వేసుకుందన్న వాదన ఈ విషయంలో పనికిరాదు.

ఇక రెసిటల్. డ్రెస్ రిహార్సల్‌కు రాని పిల్లను వేదిక ఎక్కనివ్వని స్టూడియోలు ఉన్నాయి. తల్లిదండ్రులు కూడా టికెట్ కొనాలి. ఇది తెలియక మొదటి ఏడాది ఊరి నుంచి వచ్చిన మా అత్తగారిని వెంటబెట్టుకుని నేరుగా హాలుకు వెళ్లాను. ఒక్క సీటే మిగలడంతో ఆవిడను లోపలికి పంపి, నేను బయట బెంచీ మీద కూర్చుని పాట మాత్రం విన్నాను. పిల్లను తెర వెనుక స్వచ్ఛంద సేవకులకు అప్పగించాక మనం లోపలికి వెళ్లకూడదు. మన పిల్ల నృత్యం కాగానే లేచిపోవడం మిగతా పిల్లలను చిన్నబుచ్చడమే. పూలగుచ్ఛం ఆట ముగిశాక లాబీలో ఇవ్వవచ్చు. న్యూజెర్సీలో బడులు జూన్ మూడో వారం దాకా నడుస్తాయి, రెసిటల్ కూడా ఆ దరిదాపుల్లోనే వస్తుంది కనుక, వేసవికి ఇండియా టికెట్లు తీసుకునే ముందు స్టూడియో క్యాలెండర్ చూసుకోండి.