పాసుబుక్కు పాఠాలు – 3: కువైట్ నుంచి డబ్బు రావాలంటే ఏ నంబరు చెప్పాలి?

పోయిన పాఠంలో పాసుబుక్కు లోపలి పేజీలు చదివాం, జమ ఏదో ఖర్చు ఏదో గుర్తుపట్టడం నేర్చుకున్నాం. ఈసారి మొదటి పేజీకి రండి. మీ ఫొటో అంటించి బ్యాంకు ముద్ర కొట్టి ఉంటుందే, అది. పాసుబుక్కు ఎదురుగా పెట్టుకుని చదివితేనే ఈ పాఠం బుర్రకెక్కుతుంది.

కావలిలో మా పిన్ని కొడుకు కువైట్ వెళ్లిన మొదటి నెలలోనే ఫోన్ చేశాడు. "అమ్మా, నీ అకౌంట్ నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, స్విఫ్ట్ కోడు, ఐబ్యాను వాట్సాప్‌లో పెట్టు" అని. పిన్ని పాసుబుక్కు పట్టుకుని మా ఇంటికొచ్చింది. "అబ్బయా, వాడు నాలుగు నంబర్లు అడుగుతుండాడు. నాకుండేది ఒకటే గదా!" అంది. చూస్తే ఆ పేజీలో ఆమె అనుకున్నదానికంటే ఎక్కువ నంబర్లే ఉన్నాయి. కాకపోతే వాడు అడిగిన నాలుగింటిలో ఒకటి మన దేశంలోనే లేదు.

ముందు అకౌంట్ నంబరు. దీని పొడవు బ్యాంకును బట్టి మారుతుంది. స్టేట్ బ్యాంకుది 11 అంకెలు, ఐసీఐసీఐది 12, హెచ్‌డీఎఫ్‌సీది 14. పిన్నిది స్టేట్ బ్యాంకు. "ఇదేగా" అని ఆమె వేలు పెట్టింది మాత్రం సీఐఎఫ్ నంబరు మీద. ఆమెను తప్పుపట్టలేం, అదీ 11 అంకెలే, ఆ పేజీలోనే అచ్చయి ఉంటుంది. సీఐఎఫ్ మనిషికి ఇచ్చే నంబరు, అకౌంట్ నంబరు ఖాతాకి ఇచ్చేది. ఒకే బ్యాంకులో మీకు సేవింగ్స్ ఖాతా, బంగారం మీద లోను రెండూ ఉంటే అకౌంట్ నంబర్లు రెండుంటాయి, సీఐఎఫ్ ఒకటే. డబ్బు పంపేవాళ్లకి దానితో పనిలేదు. నేనైతే పిన్ని పాసుబుక్కులో అకౌంట్ నంబరు కింద ఎర్రపెన్నుతో గీత గీశాను. మీరూ గీయండి, బ్యాంకువాళ్లు ఏమీ అనరు.

తర్వాత ఐఎఫ్ఎస్‌సీ. మీ ఖాతా ఏ బ్యాంకులో, ఏ బ్రాంచిలో ఉందో చెప్పే కోడు. మొత్తం 11 గుర్తులు. మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకుకి, చివరి ఆరు బ్రాంచికి. స్టేట్ బ్యాంకు అయితే ఎస్, బీ, ఐ, ఎన్. మధ్యలో ఐదోది అందరికీ సున్నానే. దాన్ని ఇంగ్లీషు అక్షరం 'ఓ' అనుకుని కొట్టి, "తప్పు కోడు" అని వస్తే ఫోన్‌ని తిట్టేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు.

మన జిల్లాల్లో ఇంకో చిక్కుంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయినా, మనం ఇంకా ఆంధ్రా బ్యాంకు అనే అంటాం. అనడంలో తప్పులేదు గానీ, పాత పాసుబుక్కు చూసి పాత ఐఎఫ్ఎస్‌సీ ఇస్తే డబ్బు రాదు. ఆ కోడ్లు పోయి చాలా కాలమైంది. సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసింది కూడా ఆ రోజే, దాని పాత కోడ్లదీ ఇదే కథ. పాసుబుక్కు పాతదైతే ముందు కొత్తది తీసుకోండి.

ఆ పక్కనే ఎంఐసీఆర్ ఉంటుంది, 9 అంకెలు. ఇది చెక్కులకు సంబంధించింది. సరదాకి మొదటి మూడు అంకెలు చూడండి. నెల్లూరు బ్రాంచికి 524, ఒంగోలు బ్రాంచికి 523. మన పిన్‌కోడు మొదటి మూడంకెలే! తర్వాతి మూడు బ్యాంకుకి, చివరి మూడు బ్రాంచికి. కువైట్ పిల్లాడికి ఇది అక్కర్లేదు.

అక్కడినుంచి బ్యాంకు ద్వారా పంపితే అడిగేది స్విఫ్ట్ కోడు. బయటి దేశాల బ్యాంకులు మన బ్యాంకును గుర్తుపట్టేది దీంతోనే. పాసుబుక్కులో ఇది ఉండకపోవచ్చు. 8 గుర్తులు, లేదా 11. మొదటి నాలుగు బ్యాంకు, తర్వాతి రెండు దేశం, ఆ తర్వాతి రెండు ఊరు. స్టేట్ బ్యాంకుకైతే ఎస్, బీ, ఐ, ఎన్, ఆపైన ఇండియాకి ఐ, ఎన్, ముంబైకి బీ, బీ. చివర ఇంకో మూడు ఉంటే అవి బ్రాంచికి. స్విఫ్ట్ కోడు ప్రతి బ్రాంచికీ ఉండదు. మీ బ్రాంచికి లేకపోతే "బయటి దేశం డబ్బుకి ఏ కోడు ఇవ్వాలి?" అని కౌంటర్లో అడిగి కాగితం మీద రాయించుకోండి. గూగుల్లో కనిపించింది తెచ్చి రాయొద్దు, ఈ ఒక్క విషయంలో నా మాట వినండి.

ఇక ఐబ్యాన్. అంటే దేశం, బ్యాంకు, ఖాతా అన్నీ ఒకే వరసలో చెప్పే అంతర్జాతీయ ఖాతా నంబరు. మనకు లేనిది ఇదే. కువైట్‌లో ఉంది, దుబాయ్‌లో ఉంది, యూరప్ అంతా ఉంది. మనకూ అమెరికాకూ లేదు. కువైట్ ఐబ్యాన్ 30 గుర్తులు, ఎమిరేట్స్‌ది 23. మొదటి రెండు అక్షరాలు దేశం, తర్వాతి రెండు అంకెలు కాపలా అంకెలు. ఈ కాపలా పని చేసే తీరు ముచ్చటగా ఉంటుంది. మొదటి నాలుగు గుర్తులూ తీసి చివర పెడతారు. అక్షరాల్ని అంకెలుగా మారుస్తారు, 'ఏ' అంటే 10, 'బీ' అంటే 11, అలా 'కే' 20, 'డబ్ల్యూ' 32. వచ్చిన పెద్ద సంఖ్యని 97తో భాగిస్తే శేషం 1 రావాలి. ఒక్క అంకె తప్పు కొట్టినా శేషం మారిపోతుంది, డబ్బు కదలకముందే కంప్యూటర్ ఆపేస్తుంది.

మన పద్ధతిలో ఖాతా నంబరుకి ఇలా దేశమంతటికీ ఒకే కాపలా లేదు. ఐఎఫ్ఎస్‌సీ డబ్బుని బ్యాంకు దాకా తెస్తుంది, అక్కడ జమ పడేది అకౌంట్ నంబరు చూసే. మీరిచ్చిన తప్పు నంబరు నిజంగా ఇంకొకరి ఖాతా అయితే, వాళ్లకి పడుతుంది. అందుకే రిజర్వు బ్యాంకు, దేశంలోపల ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి డబ్బు పంపే నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో పంపేముందు ఖాతాదారు పేరు చూసుకునే సదుపాయం 2025 ఏప్రిల్ 1కల్లా పెట్టమని బ్యాంకులకి చెప్పింది. మీ యాప్‌లో పేరు చూపిస్తే ఆగి చదవండి. బయటి దేశం నుంచి వచ్చే డబ్బుకి ఆ భరోసా పెట్టుకోకండి.

ఇంతకీ పిన్ని చేత పంపించిన మెసేజ్ ఇది: పాసుబుక్కులో ఉన్నట్టే పేరు, అకౌంట్ నంబరు, బ్యాంకు, బ్రాంచి, ఐఎఫ్ఎస్‌సీ, స్విఫ్ట్ కోడు. కింద ఒక ముక్క, "ఇండియాకి ఐబ్యాన్ లేదు, ఆ గడిలో అకౌంట్ నంబరే వెయ్యి." పేరు దగ్గర మాత్రం పిన్ని కాసేపు పేచీ పెట్టింది. పాసుబుక్కులో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, ఆమెకేమో పూర్తిగా రాయాలని. వద్దన్నాను. తర్వాత తనే ఫోన్‌లో మూడేసి అంకెలు చదివింది, కొడుకు తిరిగి చెప్పాడు. ఏడో అంకె దగ్గర వాడు 6 అన్నాడు, పిన్ని "కాదురా, తొమ్మిది!" అని అరిచింది.

ఈ వారం పని: మీ ఇంట్లో ఉన్న చెక్కుబుక్కు తీసి, అడుగున ఉన్న అంకెల వరసలో ఎంఐసీఆర్ ఎక్కడుందో పట్టుకోండి. ముందు ఆరంకెల చెక్కు నంబరు ఉంటుంది, దాని పక్కనే దొరుకుతుంది. వచ్చే పాఠంలో చీమకుర్తి గ్రానైట్ రాయి బయటి దేశాలకి అమ్మినవాళ్ల ఖాతాలోకి, బిల్లులో రాసినదానికంటే కొన్ని డాలర్లు తక్కువ ఎందుకు పడతాయో చూద్దాం.