చైన్ సాకెట్ ఇంటి దగ్గరే మార్చుకోవడం ఎలా, మా కోనసీమ బండ్ల సంగతి

మా వైపు బండి చైన్ కిలోమీటర్లకి పోదండి, ఉప్పుకి పోతుంది. రొయ్యల లోడు ఎత్తిన బండ్లు చెరువు దగ్గర్నుంచి రోడ్డు పొడుగునా నీళ్ళు కార్చుకుంటూ పోతాయి, వెనకాల మనం ఆ తడి మీదే నడుపుతాం, ఊడ్పుల్లో అయితే పుంత రోడ్ల బురద, అంతర్వేది తీర్థానికి వెళ్ళొస్తే ఇసక, ఇవన్నీ కలిసి చైన్ మీద పట్టిన ఆయిల్ని గరుకు ముద్ద చేసేస్తాయి. హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది బండీ నాదీ ఒకటే మోడలు, ఆడి చైన్ ఇంకా మొదటిదే, నేను మూడుసార్లు మార్చేశాను. మొదటిసారి మెకానిక్ చేత వేయించాను, తర్వాత రెండుసార్లూ అరుగు ముందు నేనే వేసుకున్నా. పెద్ద బ్రహ్మవిద్య ఏం కాదు గానీ రెండు మూడు చోట్ల మాత్రం తొందరపడకూడదు.

సాకెట్ అంటే చైన్ తిరిగే పళ్ళ చక్రం, ఇంజన్ దగ్గర ముందు ఉండేది చిన్నది, వెనక చక్రానికి ఉండేది పెద్దది. ముందు నిజంగా పోయిందో లేదో చూస్కోండి. ఇంజన్ ఆపేసి డబుల్ స్టాండ్ వేసి, పెద్ద సాకెట్ వెనక చివర, అంటే మడ్‌గార్డ్ వైపు, చైన్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని వెనక్కి లాగండి. కొత్తదైతే కదలదు, పోయినదైతే లేచి సగం పన్ను కనపడుతుంది. పళ్ళు కొడవలి ముక్కులా ఒక పక్కకి వాలిపోయున్నా, చక్రాన్ని వెనక్కి లాగి చైన్ టైటు చేసే అడ్జస్టర్ చివరి గీత దాకా వచ్చేసినా ఇక ఆలోచించక్కర్లేదు. ఇంకా నమ్మకం కుదరకపోతే టేపు పెట్టి కొలవండి, మన 100, 125, 150 సీసీ బండ్లకి ఎక్కువగా వచ్చేది 428 చైన్, పిన్నుకీ పిన్నుకీ మధ్య 12.7 మిల్లీమీటర్లు, అంటే 20 లింకులకి కొత్తలో 254 ఉండాలి, బిగించి లాగి కొలిస్తే 257 దాటిందంటే నేనైతే మార్చేస్తాను. చక్రం తిప్పితే ఒక చోట బిర్రుగా ఇంకో చోట వదులుగా ఉంటే కూడా అంతే, దాన్ని ఎంత అడ్జస్ట్ చేసినా దండగ.

ఇక్కడ నా కక్కుర్తి ఒకటి చెప్పాలి. రెండోసారి డబ్బులు మిగులుతాయని చైన్ ఒక్కటే కొని పాత సాకెట్ల మీద వేశా. సాగిపోయిన పాత చైన్‌కి తగ్గట్టు ఆ పళ్ళు అరిగిపోయుంటాయి కదా, కొత్త చైన్ లింకులు వాటిలో సరిగ్గా కూర్చోవు, ఒకటి రెండు పళ్ళే మొత్తం బరువు లాగుతాయి, ఇంకో పంట రాకముందే గర్‌మని సౌండు మొదలైంది, కొబ్బరికాయల బస్తా వెనక పెట్టుకుని వంతెన ఎక్కుతుంటే టక్ టక్‌మని జారింది కూడా. కాబట్టి చైన్, చిన్న సాకెట్, పెద్ద సాకెట్ మూడూ ఒకేసారి, సెట్టుగా.

కొనేటప్పుడు మోడల్ పేరు చెప్పి ఊరుకోకండి, ఒకే పేరుతో వేరే వేరే సంవత్సరాల బండ్లకి పళ్ళ లెక్క తేడా ఉంటుంది. రెండు సాకెట్ల పళ్ళూ, చైన్ లింకులూ లెక్కెట్టి కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ముందు సాకెట్ ఒక పన్ను తక్కువది వేస్తే పికప్ బాగుంటుందని షాపులో ఎవడో ఒకడు చెప్తాడు, నిజమే, లోడు లాగుతుంది, కానీ రావులపాలెం దగ్గర హైవే ఎక్కాక ఇంజన్ అరుస్తూనే ఉంటుంది. నేను కంపెనీ లెక్కే ఉంచుకుంటా. చైన్ లాక్ (చైన్ రెండు చివర్లూ కలిపే లింకు) ఒకటి ఎక్స్‌ట్రా, నట్టు ఊడకుండా దూర్చే స్ప్లిట్ పిన్నులు రెండు, వెనక చక్రం హబ్‌లో కుదుపు ఆపే రబ్బర్లు కూడా అప్పుడే తెచ్చేసుకోండి.

సామాను పెద్దగా ఏం లేదు, 10, 12, 14 పానాలు, యాక్సిల్ (వెనక చక్రం మధ్యలో ఉండే రాడ్డు) నట్టుకి సరిపడే పానా, నోస్ ప్లేయరు, స్క్రూడ్రైవర్, సుత్తి, పాత బ్రష్షు, కాస్త డీజిలు, గ్రీజు. కింద గోనెసంచి పరుచుకోండి, ఇసక నేల మీద చేస్తే కొత్త చైన్‌కి పుట్టగానే ఇసక పట్టించినట్టే.

చైన్ విప్పకముందే ఒక పని ఉంది. చైన్ మీద ఉండగా గేర్లో పెట్టి, ఒకళ్ళని వెనక బ్రేకు తొక్కమని, ముందు సాకెట్ బిగింపు లూజ్ చేసుకోవాలి, చైన్ తీసేశాక అయితే ఆ షాఫ్టు పానాతో పాటే తిరిగిపోతూ ఏడిపిస్తుంది. దానికోసం ఎడం పక్క కవర్ విప్పాలి, గేర్ రాడ్డు అడ్డొస్తుంది, అది ఎక్కడుందో పెయింటుతో చుక్క పెట్టుకుని లాగండి, లేకపోతే మళ్ళీ పెట్టాక కాలికి ఎత్తుగానో పల్లంగానో ఉంటుంది. కవర్ తీశాక లోపల చూస్తే కళ్ళు తిరుగుతాయి. నా దాంట్లో నల్లటి ముద్ద, బొగ్గులా గట్టిపడిపోయి ఉంది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది, మధ్యలో వరిగడ్డి, కొబ్బరి పీచు, ఒక నత్తగుల్ల కూడా. అదంతా గీకి డీజిల్‌తో కడిగి ఆరాక షాఫ్టు చుట్టూ చూడండి, తాజాగా ఇంజన్ ఆయిల్ ఊరుతుంటే ఆ సీలు పోయినట్టు, అది కూడా ఇప్పుడే మార్పించుకోవడం తెలివి. చాలా బండ్లకి చిన్న సాకెట్‌ని ఒక ప్లేటు, 10 పానా పట్టే రెండు బోల్టులు పట్టి ఉంచుతాయి, బోల్టులు తీసి ప్లేటుని కొంచెం తిప్పితే గాడిలోంచి బయటికొస్తుంది.

తర్వాత చైన్ లాక్ క్లిప్పు. నోస్ ప్లేయర్‌తో నొక్కేటప్పుడు ఇంకో చేతి బొటనవేలు దాని మీద అడ్డు పెట్టండి. నేను పెట్టలేదు, టింగ్‌మని ఎగిరి కొబ్బరి డొక్కల కుప్పలోకి పోయింది, అరగంట వెతికి వదిలేశా, ఎక్స్‌ట్రా లాక్ కొనమన్నది అందుకే.

వెనక చక్రం తియ్యడమే మా ఊళ్ళో అసలు కష్టం, ఉప్పు గాలికి యాక్సిల్ రాడ్డు తుప్పు పట్టి పాతుకుపోయి ఉంటుంది. బ్రేకు రాడ్డు నట్టు, డ్రమ్ము పట్టుకునే పట్టీ నట్టు, అడ్జస్టర్లు ముందు లూజ్ చేసి, యాక్సిల్ నట్టుని పూర్తిగా తియ్యకుండా రాడ్డు చివరికి సమానంగా ఉంచి, చెక్క ముక్క అడ్డుపెట్టి కొట్టండి, సుత్తితో నేరుగా మరల మీద కొడితే నట్టు మళ్ళీ ఎక్కదు. కొన్ని బండ్లకి సాకెట్ వైపు ఇంకో పెద్ద నట్టు, స్లీవ్ నట్టు అంటారు, అది కూడా వదలాలి. రాడ్డు బయటికొచ్చాక గరుకు కాగితంతో రుద్ది గ్రీజు పూసి పెట్టండి, వచ్చేసారి మీకు మీరే దణ్ణం పెట్టుకుంటారు.

పెద్ద సాకెట్ తీసేముందు ఏ వైపు బయటికుందో ఫోన్లో ఫోటో తీస్కోండి. లాక్ వాషర్ల చెవులు విప్పి నట్లు తీసి, కొత్తది పెట్టి ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా బిగించి, చెవులు మళ్ళీ మడవండి. హబ్ రబ్బర్లు లొడలొడలాడుతుంటే చాలామంది పాత ట్యూబు ముక్కలు కోసి దూర్చేస్తారు, ఓ నెల పని చేస్తుంది, మళ్ళీ అదే కథ.

చక్రం ఎక్కించి, కొత్త చిన్న సాకెట్ కూడా పెట్టి, అడ్జస్టర్లు బాగా ముందుకి వదిలేసి, కొత్త చైన్ చివర బైండింగ్ వైరు కట్టి చిన్న సాకెట్ చుట్టూ లాగండి. రెండు చివర్లూ పెద్ద సాకెట్ పళ్ళ మీదకి తెస్తే అవే పట్టుకుని ఉంటాయి, లోపల్నుంచి లింకు దూర్చి బయట ప్లేటు పెట్టి క్లిప్పు వెయ్యడమే. క్లిప్పు చేప ఆకారంలో ఉంటుంది కదా, మూసున్న వైపు తల, చీలిన వైపు తోక అనుకోండి, బండి ముందుకి పోయేటప్పుడు తల ముందు పోవాలి, అంటే పై వరస చైన్ మీద చూస్తే తల ఇంజన్ వైపుకి ఉండాలి. తిరగేసి వేస్తే దేనికైనా తగిలి ఊడిపోతుంది, చైన్ తెగినట్టే.

ఇక టైటు. కింద వరస మధ్యలో వేలితో పైకి కిందకి ఆడిస్తే చాలా బండ్లకి 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి, మీ బండి లెక్క మాన్యువల్లోనో చైన్ కవర్ మీదో ఉంటుంది. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి ఎక్కడ బాగా బిర్రుగా ఉందో అక్కడ ఈ లెక్క పెట్టండి. సౌండు రాకూడదని బిర్రుగా లాగేసేవాళ్ళు ఉన్నారు, మనిషో బస్తానో ఎక్కి షాక్ అబ్జార్బర్లు దిగినప్పుడు చైన్ ఇంకా బిగుస్తుందండి, అప్పుడు పోయేవి బేరింగులు. రెండు పక్కలా అడ్జస్టర్ గీతలు సమానంగా పెట్టి, అయినా గీతల్ని పూర్తిగా నమ్మకుండా వెనక కూర్చుని చైన్ వెంబడి ఒక కంటితో చూడండి, వంకర ఇట్టే తెలిసిపోతుంది. యాక్సిల్ బిగించేటప్పుడు చక్రం వెనక్కి జరక్కుండా చైన్‌కీ పెద్ద సాకెట్‌కీ మధ్య గుడ్డ మడిచిపెట్టి చక్రం కొంచెం తిప్పి ఇరికించండి, వేళ్ళు మాత్రం దూరంగా. బిగించాక గుడ్డ తీసి చైన్ ఎంత ఆడుతుందో మళ్ళీ చూడండి, కచ్చితంగా మారి ఉంటుంది.

చక్రం జరిగింది కాబట్టి వెనక బ్రేకు కూడా మారిపోతుంది, రాడ్డు సెట్ చేసి, పట్టీ నట్టుకి కొత్త స్ప్లిట్ పిన్ను వేసి, బ్రేకు లైటు వెలుగుతుందో లేదో చూసి అప్పుడు రోడ్డెక్కండి.

ఆయిల్ అంటే 90 గేర్ ఆయిల్ చాలు, లోపలి వైపు నుంచి చుక్కలు చుక్కలుగా వేస్తూ చక్రం చేత్తో తిప్పండి, ఇంజన్ స్టార్ట్ చేసి గేర్లో పెట్టి గుడ్డ పట్టుకుంటే వేళ్ళు పోతాయి, సరదాకి చెప్పట్లేదు. ఓ-రింగుల చైన్ (లింకుల మధ్య రబ్బరు రింగులు ఉండేది) అయితే పెట్రోలుతో కడగొద్దు, రింగులు పాడవుతాయి. మొదటి 500 కిలోమీటర్లలో కొత్త చైన్ కొంచెం వదులవుతుంది, అప్పుడొకసారి టైటు చూసుకోండి, చూస్తున్నప్పుడే క్లిప్పు ఉందో లేదో కూడా.