మొదటిసారి కళ్లజోడు పెట్టుకున్నవారు అలవాటు పడేదాకా పాటించవలసిన జాగ్రత్తలు

మొదటిసారి కళ్లజోడు పెట్టుకున్నప్పుడు చాలామందికి రెండు అనుభవాలు ఒకేసారి కలుగుతాయి. దూరాన ఉన్న బోర్డు మీది అక్షరాలు, చెట్టు మీది ఒక్కొక్క ఆకు, ఎదుటివారి ముఖంలోని చిన్న కదలిక కూడా తేటగా కనిపిస్తాయి. అదే సమయంలో నేల కాస్త వంగినట్టు, మెట్లు ఉన్నదానికన్నా లోతుగా ఉన్నట్టు, తల తిప్పితే చుట్టూ ఉన్నవన్నీ ఊగినట్టు అనిపిస్తుంది. ఈ రెండో అనుభవానికి బెదిరి కళ్లజోడును తిరిగి పెట్టెలో పెట్టేసేవారు తక్కువేమీ కాదు. ఈ ఇబ్బందుల్లో చాలా భాగం కొన్ని రోజుల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. కొన్ని మాత్రం ఎంత ఓపిక పట్టినా తగ్గవు, ఎందుకంటే అవి అద్దాల్లోనో ఫ్రేములోనో ఉన్న లోపం వల్ల వచ్చినవి. ఏ ఇబ్బంది ఏ కోవకు చెందుతుందో గుర్తించగలిగితే, అనవసరంగా భయపడి కళ్లజోడు మానేయడమూ ఉండదు, తప్పు అద్దాలను నెలల తరబడి భరించడమూ ఉండదు.

తల ఎందుకు తిరుగుతుంది?

అలవాటు పడే పనిలో ఎక్కువ భాగం మెదడుదే. మనం తల తిప్పినప్పుడు చూస్తున్న వస్తువు చెదిరిపోకుండా నిలవాలంటే కళ్లు తలకు ఎదురు దిశలో, సరిగ్గా తగినంత వేగంతో కదలాలి. లోపలి చెవి నుంచి అందే సంకేతాలను బట్టి మెదడు ఈ పనిని మన ప్రమేయం లేకుండానే, రెప్పపాటు కన్నా తక్కువ వ్యవధిలో చేయిస్తుంది. మైనస్ అద్దం దృశ్యాన్ని కాస్త చిన్నదిగానూ, ప్లస్ అద్దం కాస్త పెద్దదిగానూ చూపుతాయి కనుక, కన్ను ఎంత కదలాలన్న పాత లెక్క కళ్లజోడు పెట్టుకున్న క్షణం నుంచి సరిపోదు. ఆ లెక్క కుదిరేవరకు తల తిప్పిన ప్రతిసారీ దృశ్యం జారినట్టు కనిపిస్తుంది, కొందరికి కడుపులో తిప్పినట్టు కూడా అవుతుంది.

మెదడుకు ఇలా సవరించుకునే శక్తి ఎంతో ఉంది. 1890ల్లో జార్జ్ స్ట్రాటన్ అనే అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త, ఒక కంటిని కప్పేసి, రెండో కంటికి ప్రపంచాన్ని తలకిందులుగా చూపే కటకాలు అమర్చుకుని, ఒక ప్రయోగంలో 8 రోజుల పాటు అలాగే గడిపాడు. మొదట్లో ప్రతి పనికీ తడబడినా, కొన్ని రోజులు గడిచేసరికి ఆయన ఇంట్లో బాగానే తిరగగలిగాడు. దానితో పోలిస్తే మామూలు కళ్లజోడు మెదడుకు పెట్టే పరీక్ష చాలా చిన్నది. అయితే ఇందులో ఒక షరతు ఉంది. అద్దాల్లోంచి చూసే దృశ్యం మెదడుకు నిలకడగా అందాలి. గంటసేపు పెట్టుకుని రెండు గంటలు తీసేస్తూ ఉంటే పాత లెక్కా కొత్త లెక్కా మాటిమాటికీ మారుతుంటాయి, అలవాటు పడడం అంతకంతకూ ఆలస్యమవుతుంది.

ఇంటికి తెచ్చుకునే ముందు

కళ్లజోడు చేతికి రాగానే, అక్కడే, పవర్ రాసిన చీటీతో సరిపోల్చి చూపమని అడగండి. ఆ చీటీలో ఎస్‌పీహెచ్ అన్న గడిలో మైనస్ లేదా ప్లస్ గుర్తుతో ఉండేది ప్రధానమైన పవర్. సీవైఎల్ అన్నది సిలిండర్ పవర్, అంటే ఒక దిశలో మాత్రమే పనిచేసే అదనపు పవర్; యాక్సిస్ అన్నది ఆ సిలిండర్‌ను ఏ కోణంలో అమర్చాలో 1 నుంచి 180 వరకు తెలిపే అంకె. యాడ్ అన్నది దగ్గరి చూపు కోసం అదనంగా కలిపే పవర్, పీడీ అన్నది రెండు కనుపాపల మధ్య మిల్లీమీటర్లలో దూరం. ఈ అంకెల అర్థం తెలిస్తే మీ చూపు మీకే అర్థమవుతుంది. ఉదాహరణకు మైనస్ 2.00 అంటే, కళ్లజోడు లేకుండా మీకు స్పష్టంగా కనిపించే గరిష్ఠ దూరం సుమారు అర మీటరు. ఆ అర మీటరు ప్రపంచానికి అలవాటైన మెదడుకు ఇప్పుడు దూరమంతా ఒక్కసారిగా తెరుచుకుంటోంది.

పీడీని చాలామంది పట్టించుకోరు కానీ, దానికి ప్రాధాన్యం ఉంది. ప్రతి అద్దానికీ ఒక కేంద్రం ఉంటుంది, అది మీ కనుపాపకు ఎదురుగా రావాలి. 2 డయాప్టర్ల (చీటీలోని పవర్ అంకెకు కొలమానం ఇదే) అద్దంలో కేంద్రం నుంచి ఒక సెంటీమీటరు పక్కగా చూస్తే, మీటరు దూరంలో ఉన్న వస్తువు 2 సెంటీమీటర్లు జరిగినట్టు కనిపిస్తుంది. రెండు కళ్లకూ ఈ జరుగుడు వేర్వేరుగా ఉంటే, ఆ రెండు దృశ్యాలను కలిపి ఒకటిగా చూపేందుకు కంటి కండరాలు రోజంతా శ్రమించాలి. సాయంత్రానికి కనుబొమల పైన మొదలయ్యే తలనొప్పికి కొన్నిసార్లు ఇదే కారణం.

తర్వాత ఫ్రేము అమరికను చూడండి. ముక్కు మీద ఆనే రెండు మెత్తలూ సమానంగా ఆనాలి, ఒకవైపు మాత్రమే ఒత్తుకుపోకూడదు. కాడలు చెవి వెనుక వంపు తిరిగే చోట సరిగ్గా కూర్చోవాలి, కనురెప్పల వెంట్రుకలు అద్దానికి తగలకూడదు. తల కిందికి వంచి నెమ్మదిగా ఊపితే కళ్లజోడు జారిపోకూడదు. పవర్ ఎక్కువగా ఉన్నవారికి ఇది సౌకర్యానికి మించిన విషయం, ఎందుకంటే ముక్కు మీదికి జారిన మైనస్ అద్దం తన బలాన్ని కొంత కోల్పోతుంది, ప్లస్ అద్దమైతే బలం పెంచుకుంటుంది. ఫ్రేమును ఇంట్లో మీరే వంచే ప్రయత్నం చేయకండి. ప్లాస్టిక్ ఫ్రేమును తగినంత వేడి చేసి వంచుతారు, ఆ పని తెలిసినవారికే వదిలేయాలి.

మొదటి వారం

వీలైతే ఉదయం, కళ్లు అలసిపోకముందే, కళ్లజోడు పెట్టుకోవడం ప్రారంభించండి. మొదట కూర్చుని గదిలో దూరంగా ఉన్నవాటిని, దగ్గరగా ఉన్నవాటిని మార్చి మార్చి చూడండి, తర్వాత ఇంట్లోనే అటూ ఇటూ నడవండి. చాలామంది మొదటి రోజు నుంచే రోజంతా పెట్టుకోగలుగుతారు, అదే మంచిది కూడా. తల మరీ తిరిగినా, నొప్పి వచ్చినా కళ్లజోడు తీసి కాసేపు కళ్లు మూసుకుని మళ్లీ పెట్టుకోండి, అంతేకాని ఆ రోజుకు చాలనుకుని పక్కన పెట్టేయకండి. వాహనం మాత్రం నేల, మలుపులు, ఎదురుగా వచ్చేవాటి దూరం సహజంగా అనిపించేవరకు నడపవద్దు.

మెట్ల దగ్గర ప్రత్యేకమైన శ్రద్ధ అవసరం. మొదటి మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగి, చేతికందే ఆధారాన్ని పట్టుకుని, కళ్లను మాత్రమే కిందికి దించకుండా తలను కూడా వంచి, అద్దం మధ్య భాగంలోంచి మెట్టు అంచును చూసి అడుగు వేయండి. మైనస్ అద్దంలోంచి మెట్టు కాస్త దూరంగా, ప్లస్ అద్దంలోంచి కాస్త దగ్గరగా కనిపిస్తుంది కనుక, పాదం అనుకున్నదానికన్నా ముందో వెనకో నేలను తాకుతుంది. పెద్ద వయసువారు ఈ జాగ్రత్తను తేలికగా తీసుకోకూడదు.

పవర్ రకాన్ని బట్టి ఇబ్బంది కూడా మారుతుంది. హ్రస్వదృష్టికి మైనస్ అద్దాలు పెట్టుకున్నవారికి దూరం వెంటనే తేటపడుతుంది కానీ, చదివేటప్పుడు కళ్లు లాగినట్టుంటుంది. ఇంతకాలం దగ్గరి వస్తువు కోసం పెద్దగా శ్రమించని కంటి కండరం ఇప్పుడు ఆ పని చేయవలసి రావడమే దీనికి కారణం. దీర్ఘదృష్టికి, అంటే దగ్గరివి చూడడానికి కన్ను ఎక్కువగా శ్రమించే లోపానికి, ప్లస్ అద్దాలు పెట్టుకున్నవారి పరిస్థితి ఇందుకు భిన్నం. వారి కండరం ఏళ్ల తరబడి బిగిసి ఉండడానికి అలవాటు పడింది, అద్దం వచ్చాక కూడా అది వెంటనే సడలదు. అందువల్ల మొదటి రోజుల్లో దూరం మసకగా కనిపించి, కళ్లజోడు లేకుంటేనే నయమనిపిస్తుంది. ఈ దశలోనే చాలామంది అద్దాలు తప్పని తేల్చేస్తారు, కానీ కండరం సడలడానికి కొంత సమయం ఇవ్వాలి.

సిలిండర్ పవర్ ఉన్న అద్దాలకు అలవాటు పడడం కొంచెం కష్టం. ఇవి దృశ్యాన్ని ఒక దిశలో ఎక్కువగా, మరో దిశలో తక్కువగా సాగదీస్తాయి కనుక బల్ల ఒకవైపు వాలినట్టు, తలుపు చట్రం వంకరగా ఉన్నట్టు కనిపిస్తుంది. కళ్లజోడు పెట్టుకుని అదే తలుపు చట్రాన్ని అదే చోట నిలబడి రోజూ ఒకసారి చూడండి. మొదటి రోజు ఉన్న వంకర మూడో రోజుకు, ఐదో రోజుకు తగ్గుతూ వస్తే అంతా సరిగ్గానే సాగుతోందని నమ్మవచ్చు.

నలభై దాటాక వచ్చే చత్వారానికి చదువుకునే అద్దాలు మాత్రమే తీసుకున్నవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. వాటితో దూరం ఎప్పటికీ మసకగానే ఉంటుంది, అది అలవాటుతో పోయేది కాదు. వాటిని పెట్టుకుని నడవకూడదు.

దూరానికీ దగ్గరికీ ఒకే అద్దంలో పవర్ ఉండే ప్రోగ్రెసివ్ అద్దాలను మొదటిసారే తీసుకున్నవారికి మరికొంత అభ్యాసం కావాలి. వీటిలో పై భాగం దూరానికి, కింది భాగం చదవడానికి, మధ్యలో సన్నని దారి వంటి భాగం ఆ రెంటి నడుమ దూరాలకు పనికివస్తాయి. ఆ దారికి రెండు పక్కలా మసక ఉండడం ఈ అద్దాల నిర్మాణంలోనే ఉంది. కనుక పక్కన ఉన్నదాన్ని చూడాలంటే కళ్లను పక్కకు తిప్పకుండా ముక్కును ఆ వస్తువు వైపు తిప్పడం నేర్చుకోవాలి. చదివేటప్పుడు తల నిటారుగా ఉంచి కళ్లను మాత్రం కిందికి దించాలి, మెట్లు దిగేటప్పుడు గడ్డాన్ని ఛాతీ వైపు వంచి పై భాగంలోంచి చూడాలి. కంప్యూటర్ తెర కోసం మాటిమాటికీ గడ్డం పైకెత్తవలసి వస్తుంటే తెరను కిందికి దించండి, లేకపోతే కళ్లకన్నా ముందు మెడ నొప్పి పెడుతుంది.

ఎప్పుడు వెనక్కి తీసుకెళ్లాలి?

సాధారణంగా కొన్ని రోజుల నుంచి రెండు వారాల లోపు ఇబ్బందులు సర్దుకుంటాయి. నా దృష్టిలో రోజుల లెక్క కన్నా, ఇబ్బంది తగ్గుతోందా లేదా అన్నదే మంచి కొలమానం. వారం గడిచినా తలనొప్పి మొదటి రోజు ఉన్నంతగానే ఉంటే, లేదా పెరుగుతుంటే, రెండు వారాలూ నిండేదాకా ఆగనవసరం లేదు. వెళ్లే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. ఒక కంటిని నొక్కకుండా అరచేత్తో కప్పి, రెండో కంటితో దూరాన ఉన్న ఏదైనా రాతను చూడండి, తర్వాత కన్ను మార్చండి. ఒక కంటికి మాత్రమే మసకగా ఉంటే ఆ అద్దం పవరో, సిలిండర్ కోణమో తేడాగా ఉండవచ్చు. విడివిడిగా రెండూ తేటగా ఉండి, కలిపి చూస్తేనే రెండుగా కనిపించినా, లాగినట్టున్నా, అద్దాల కేంద్రాలు సరిగ్గా కుదరలేదేమో చూపించుకోవాలి. ఈ వివరం స్పష్టంగా చెప్పగలిగితే, ఊరికే సరిగా కనబడటం లేదని చెప్పినదానికన్నా లోపం త్వరగా దొరుకుతుంది.

కళ్లజోడు తీసేశాక చూపు ఇదివరకటికన్నా మసకగా ఉందని, అద్దాలే కళ్లను పాడుచేస్తున్నాయని కొందరు ఆందోళన పడతారు. తేటగా చూడడం అలవాటైంది కనుక పాత మసక ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది, అంతే. పిల్లల విషయంలో ఈ అపోహ హాని చేస్తుంది. మలేషియాలో పిల్లలపై జరిపి 2002లో ప్రచురించిన ఒక పరిశోధనలో, కావలసిన దానికన్నా తక్కువ పవర్ అద్దాలు ఇచ్చిన పిల్లలకు హ్రస్వదృష్టి నెమ్మదించకపోగా, పూర్తి పవర్ పెట్టుకున్నవారికన్నా కాస్త ఎక్కువగానే పెరిగింది. పైగా చిన్న వయసులో ఒక కంటి నుంచి మెదడుకు స్పష్టమైన దృశ్యం అందకపోతే ఆ కన్ను మందగించి, పెద్దయ్యాక అద్దాలు పెట్టినా పూర్తి చూపు రాకపోవచ్చు. అందుకే వైద్యులు రోజంతా పెట్టుకోమంటే పిల్లలు రోజంతా పెట్టుకునేలా పెద్దలు చూడాలి. పిల్లవాడు మాటిమాటికీ తీసేస్తుంటే కోప్పడే ముందు చెవుల వెనుక, ముక్కు మీద ఎర్రగా కమిలిందేమో చూడండి. చాలాసార్లు ఫ్రేమును సరిచేయించగానే పేచీ ఆగుతుంది.

అద్దాలను తుడవడం గురించి క్లుప్తంగా చెప్పాలంటే, ముందు చల్లని నీటి ధార కింద దుమ్ము పోయేలా కడిగి, అవసరమైతే ఒక చుక్క తేలికపాటి ద్రవ సబ్బు రాసి, మళ్లీ కడిగి, అద్దాలతో ఇచ్చిన మెత్తని గుడ్డతో తడి తుడవాలి. పొడిగా ఉన్న అద్దాన్ని చొక్కా అంచుతో రుద్దితే దుమ్ము రేణువులే గీతలు పెడతాయి, వేడి నీరు పై పూతను దెబ్బతీస్తుంది. తీసేటప్పుడు రెండు చేతులతో తీయాలి, ఒక చేత్తో లాగితే కాడ వదులై అమరిక చెడుతుంది.

ఒక హెచ్చరికను మాత్రం తప్పక గమనించండి. కంట్లో మెరుపులు కనిపించడం, ఉన్నట్టుండి నల్లటి చుక్కలు ఎక్కువ కావడం, చూపులో ఒక పక్కన తెర దించినట్టు చీకటి కమ్మడం, కంటి నొప్పితో పాటు ఎర్రబారడం, అకస్మాత్తుగా ఒక కంటి చూపు తగ్గడం వంటివి కొత్త కళ్లజోడు వల్ల వచ్చేవి కావు. అలవాటు పడితే పోతాయని ఎదురుచూడకుండా, అదే రోజు కంటి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.