టెంట్ల దగ్గర బ్యాటరీలకు చిన్న జనరేటర్‌తో చార్జింగ్

చలికాలంలో లంబసింగిలో టెంట్లు వేస్తాను. మిగతా ఏడాదంతా నర్సీపట్నంలో షామియానా, లైటింగ్ సప్లయ్. టెంట్ల పనిలోకి కొత్తగా దిగే కుర్రాళ్లు ముందు అడిగేది ఒక్కటే: "అన్నా, రాత్రంతా నడవాలంటే ఎన్ని కేవీఏ సెట్ కొనాలి?" సెట్ అంటే జనరేటరే, కేవీఏ అంటే దాని సామర్థ్యానికి కొలత. రాత్రంతా నడపొద్దు తమ్ముడూ అంటాను. లైట్లు, ఫోన్లు బ్యాటరీ మీద నడవాలి. జనరేటర్ పగటిపూట రెండు మూడు గంటలు నడిచి ఆ బ్యాటరీని నింపి ఊరుకోవాలి. పది ఎల్ఈడీ బల్బుల కోసం తెల్లవార్లూ తిప్పితే, లోడు లేకపోయినా పెట్రోల్ తాగుతూనే ఉంటుంది, ప్లగ్‌కి మసి పడుతుంది. మంచు చూద్దామని వచ్చినవాళ్లు డబ్బులిచ్చేటప్పుడు మొహం చిట్లిస్తారు. శబ్ద కాలుష్య నిబంధనల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితులు ఇంకా కఠినం. అటవీ భూమి అయితే అధికారులను అడగకుండా సెట్ దించనే దించకండి.

ముందు ఎంత వాడుతున్నామో లెక్క వేసుకోవాలి. పది టెంట్లు, టెంటుకో 5 వాట్ల బల్బు, ఐదు గంటలు: 250 వాట్ అవర్లు. ఇరవై ఫోన్లు, ఒక్కోదానికి నష్టాలతో కలిపి 15 చొప్పున 300. మొత్తం 550. దాన్ని బ్యాటరీ వోల్టులు 12తో భాగిస్తే దాదాపు 46 ఆంపియర్ అవర్లు (ఏహెచ్). అంటే 100 ఏహెచ్ బ్యాటరీలో సగం ఒక్క రాత్రికి ఖాళీ. ఎవరైనా హెయిర్ డ్రయ్యర్ తీస్తే ఈ లెక్క అక్కడితో ఆఖరు. ఆ మాట టెంట్ ఇచ్చేటప్పుడే చెప్పేయండి, తర్వాత చెబితే గొడవ.

చిన్న సెట్లలో చాలావాటికి పక్కన 12 వోల్టుల సాకెట్ ఒకటి ఉంటుంది. బ్యాటరీ కూడా 12 వోల్టులే కదా అని అందరి చూపూ దానిమీదే పడుతుంది. దాన్ని వదిలేయండి. అందులోంచి వచ్చేది మామూలుగా 8 ఆంప్స్ మించదు. పైగా వోల్టేజీకి అదుపు ఉండదు, నిండాక ఆపే తెలివీ దానికి ఉండదు. కారు బ్యాటరీ దిగిపోతే అత్యవసరానికి ఇచ్చిన ఏర్పాటు అది. లిథియం బ్యాటరీకైతే అసలు పెట్టొద్దు. 230 వోల్టుల సాకెట్‌కి మంచి బ్యాటరీ చార్జర్ తగిలించడమే దారి.

ఇక ఎంత చార్జర్? 20 ఆంప్స్ చార్జర్ బ్యాటరీకి ఇచ్చేది 14.4 వోల్టుల దగ్గర 288 వాట్లు. లోపలి నష్టం కలిపితే సెట్ నుంచి 340 వాట్ల దాకా లాగుతుంది. కానీ చవక చార్జర్లకు పవర్ ఫ్యాక్టర్ బాగోదు, అంటే వాడుకునే వాట్లకు మించి కరెంటు లాగుతాయి, అందుకే సెట్ మీద 500 వీఏ, అంటే అర కేవీఏ భారం పడుతుందనుకోండి. దానికి ఇంకో లెక్క కూడా ఉంది. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తు. ప్రతి 300 మీటర్లకు ఇంజిన్ శక్తి మూడున్నర శాతం దాకా తగ్గుతుంది, అంటే ఘాట్ ఎక్కేసరికి పదో వంతు పైనే పోయినట్టు. 1 కేవీఏ సెట్‌కి 20 ఆంప్స్ చార్జర్ హాయిగా సరిపోతుంది. 40 ఆంప్స్ పెడితే మూలుగుతుంది, లేదంటే ట్రిప్ అవుతుంది. కొనేవాళ్లు ఇన్వర్టర్ రకం సెట్ చూసుకోండి, అది కరెంటుని నిలకడ చేసి ఇస్తుంది. పాత రకం వాటిలో వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ ఊగుతుంటే కొన్ని స్మార్ట్ చార్జర్లు ఆగి ఆగి పనిచేస్తాయి.

వైరు సంగతి చెప్పాలి, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. సెట్ టెంట్లకు దూరంగా ఉండాలి కదా, ఆ దూరం ఏ వైరు మీద పెట్టాలి? చార్జర్‌ని సెట్ పక్కన పెట్టి, అక్కణ్నుంచి బ్యాటరీకి 10 మీటర్లు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగారనుకోండి, 20 ఆంప్స్ దగ్గర ఆ వైరులోనే 1.8 వోల్టులు పోతాయి. చార్జర్ 14.4 ఇస్తుంటే బ్యాటరీకి చేరేది 12.6. ఇక అది నిండినట్టే! అదే చార్జర్‌ని బ్యాటరీ పక్కన పెట్టి, దూరమంతా 230 వోల్టుల ఎక్స్‌టెన్షన్ వైరు మీదకు తోస్తే, 15 మీటర్ల 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో పోయేది ఒక వోల్టు కూడా ఉండదు. చార్జర్ క్లిప్పుల వైరు మీటరున్నర మించనివ్వకండి. ఎక్స్‌టెన్షన్ జాయింట్లు మాత్రం తడి గడ్డి మీద పడేయొద్దు. మా దగ్గర పొద్దున్నే నేలంతా మంచు నీళ్లే, జాయింటుని ఇటుక మీదకో స్టూలు మీదకో ఎక్కిస్తాం.

కలిపే వరస ఇలా. ముందు ఆయిల్ చూసి, సెట్‌ని లోడు లేకుండా స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు వేడెక్కనివ్వాలి. చోక్ పూర్తిగా వెనక్కి వచ్చి, శబ్దం నిలకడగా అయ్యాక చార్జర్ ఎర్ర క్లిప్ ప్లస్‌కి, నల్లది మైనస్‌కి. ఆ తర్వాతే చార్జర్ స్విచ్. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపాలి, ఆపైన క్లిప్పులు. చార్జింగ్ నడుస్తుండగా క్లిప్ లాగితే అక్కడ నిప్పురవ్వ వస్తుంది. లెడ్ బ్యాటరీ అయితే ఆ సమయంలో పైన హైడ్రోజన్ ఉంటుంది. బీడీ కాల్చేవాణ్ని కూడా ఆ దరిదాపుల్లోకి రానివ్వను.

లెడ్ బ్యాటరీ, లిథియం బ్యాటరీ జనరేటర్‌తో ఒకేలా నడుచుకోవు. ఇళ్లలో ఇన్వర్టర్లకు వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ రకం లెడ్ బ్యాటరీకి 15 ఆంప్స్ దాటకుండా ఇవ్వడం క్షేమం. అది మొదట్లో గబగబా తీసుకుంటుంది, 80 శాతం దాటాక కుండ అంచుదాకా వచ్చినప్పుడు ధార సన్నం చేసినట్టు కరెంటు తగ్గించుకుంటూ పోతుంది. ఆ చివరి 20 శాతానికి గంటలకు గంటలు పడుతుంది. దానికోసం పెట్రోల్ కాల్చడం దండగ. వైరు చుట్టూ తగిలించి కరెంటు చూసే క్లాంప్ మీటర్‌లో ఐదారు ఆంప్స్‌కి పడిపోగానే సెట్ ఆపేసి మిగిలింది సోలార్ ప్యానెల్‌కి వదిలేయండి, ప్యానెల్ లేకపోతే కిందికి దిగాక ఇంటి కరెంటు మీద పెట్టండి. ఎప్పుడో ఒకప్పుడు పూర్తిగా నింపడం మాత్రం తప్పదు, ఎప్పుడూ సగం సగమే నింపితే ప్లేట్ల మీద సల్ఫేట్ గడ్డకడుతుంది. డిస్టిల్డ్ వాటర్ మట్టం కూడా చూస్తుండండి. ఎంత ఉందో తెలియాలంటే లోడు తీసి కొన్ని గంటలు ఆగాక మల్టీమీటర్ పెట్టండి. 12.7 అంటే నిండుగా ఉంది, 12.2 అంటే సగం.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకానికి ఈ నస లేదు. నిండే దాకా దాదాపు ఒకే ఊపున తీసుకుంటుంది. పైన చెప్పిన 46 ఏహెచ్‌కి 20 ఆంప్స్ చొప్పున రెండున్నర గంటలు, గంటకు అర లీటరు చొప్పున చూసినా లీటరుంపావు పెట్రోల్. ఖరీదు ఎక్కువే. కానీ 50 కిలోలు దాటే ట్యూబులర్‌ని వ్యాన్‌లోంచి ఇద్దరు దించేచోట, 100 ఏహెచ్ లిథియాన్ని ఒక్కడే పట్టుకుపోతాడు. టెంట్ల పనికి నా ఓటు దానికే. చార్జర్‌లో లిథియం మోడ్ ఉందో లేదో కొనేముందే అడగండి. వోల్టేజీ చూసి ఇది ఎంత నిండిందో చెప్పలేం, రోజులో ఎక్కువసేపు 13.1, 13.3 మధ్యే కూర్చుంటుంది.

దీనికి ఒక్కటే గండం, చలి. సున్నా డిగ్రీల కింద చార్జింగ్ పెడితే లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. వాడుకోవడానికి ఇబ్బంది లేదు, నింపడానికే. డిసెంబరు, జనవరిలో లంబసింగిలో తెల్లవారుజామున చలి సున్నా దగ్గరకు వచ్చే రోజులున్నాయి. చవక బ్యాటరీల్లో చలికి చార్జింగ్ ఆపే ఏర్పాటు ఉంటుందని నమ్మలేం. అందుకే రాత్రి బ్యాటరీని గోనెపట్టాలో చుట్టి టెంట్ లోపలే ఉంచి, ఎండ వచ్చాకే చార్జింగ్ మొదలుపెడతాం. అప్పటికి జనమంతా మేఘాలు చూడ్డానికి చెరువులవేనం ఎక్కి ఉంటారు. సెట్ శబ్దం వినేవాళ్లే ఉండరు.

పొగ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. టెంట్లకు, కారు కిటికీలకు కనీసం 6 మీటర్ల దూరం, సైలెన్సర్ మూతి అవతలి వైపుకి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాడికి తెలియనే తెలియదు. చినుకులు పడుతున్నాయని సెట్‌ని టెంట్ గుమ్మంలోకి లాగేవాళ్లుంటారు, వాళ్లని గట్టిగా తిట్టినా పర్వాలేదు. వాన వస్తే ఆపేయడమే.

పెట్రోల్ నర్సీపట్నంలోనే పట్టించుకుని, బిగువు మూత ఉన్న లోహపు డబ్బాలో తెచ్చుకోండి. వేడిగా ఉన్న ఇంజిన్‌లో పోయొద్దు, పావుగంట ఆగండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిపిన పెట్రోల్, నిల్వ ఉంటే తేమ పీలుస్తుంది. సీజన్ అయిపోయి సెట్ మూలన పెట్టేముందు ట్యాంకు ఖాళీ చేసి, పెట్రోల్ కాక్ కట్టేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడవనివ్వండి. కార్బురేటర్‌లో పెట్రోల్ మిగిలిపోతే జిగురు కట్టి సన్నరంధ్రం మూసుకుపోతుంది. వచ్చే ఏడాది తాడు లాగి లాగి భుజం పట్టేశాక మెకానిక్ దగ్గరికి పరుగెత్తాల్సి వస్తుంది, అదీ సరిగ్గా బుకింగులు మొదలయ్యే వారంలో.