జాంగోలో మొదటి మైగ్రేట్ కొట్టేముందు ఈ పని చేయండి
పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ జాంగో మొదలుపెట్టి నెల కూడా కాలేదు, అప్పుడే బాగా నచ్చేసింది, ముఖ్యంగా మోడల్ (డేటా టేబుల్ ఎలా ఉండాలో చెప్పే క్లాస్) రాసి రిజిస్టర్ చేయగానే, డేటా చేర్చి మార్చుకునే అడ్మిన్ పేజీ దానంతటదే తయారైపోవడం. 2005లో బయటికొచ్చిన ఈ ఫ్రేమ్‌వర్క్ పుట్టింది అమెరికాలో ఒక పత్రికాఫీసులో, అక్కడివాళ్లు వార్తలు తామే ఎక్కించుకోవడానికే ఆ సౌకర్యం కాబోలు.

కొత్త ప్రాజెక్ట్‌లో మాత్రం మొదటి మైగ్రేట్ (మోడల్స్ ప్రకారం డేటాబేస్‌లో టేబుల్స్ తయారుచేసే కమాండ్) కంటే ముందే సొంత యూజర్ మోడల్ పెట్టేసుకోండి. జాంగోలోనే ఉన్న అబ్‌స్ట్రాక్ట్‌యూజర్ నుంచి ఒక క్లాస్, లోపల పాస్ అన్న ఒక్క ముక్క, ఆ క్లాస్ ఉన్న యాప్‌ని ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో చేర్చి, సెట్టింగ్స్‌లో ఆ క్లాస్‌నే వాడమని చెప్పే ఆథ్ యూజర్ మోడల్ లైన్. అంతే, ఆ తర్వాతే మేక్‌మైగ్రేషన్స్, మైగ్రేట్. నేను ఇది వదిలేశాను. తర్వాత ఫోన్ నంబర్‌తో లాగిన్ కావాల్సొచ్చి మధ్యలో మారిస్తే ఫారిన్ కీలన్నీ (వేరే టేబుల్స్ నుంచి యూజర్ టేబుల్‌కి ఉన్న లింకులు) పాత టేబుల్‌నే పట్టుకుని కూర్చున్నాయి, చివరికి డేటాబేస్ తీసేసి మొదటి నుంచి చేశాను. డాక్యుమెంటేషన్‌లోనూ ఇదే సలహా ఉంది.